నీళ్లు ఆపడమూ సేవే

ఎండాకాలం వచ్చిందంటే ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల ముందు, బస్టాండు దగ్గర, గుడి వాకిళ్లలో చలివేంద్రాలు వెలుస్తాయి. దాహమన్నవాడికి గ్లాసుడు నీళ్లివ్వడం కన్నా పుణ్యం లేదని కడప జిల్లా నమ్ముతుంది. పెన్నలో ఇసుక తప్ప నీటి తడి కనిపించని ఏళ్లు చూసిన సీమ ఇది. ఆ నమ్మకం పుస్తకాల్లోంచి కాదు, కష్టంలోంచి వచ్చింది. మన ఇళ్లలోకి కొత్తగా వచ్చిన ఆర్కిడ్ మొక్క ప్రాణం మీదికి వచ్చేది కూడా ఆ నమ్మకం వల్లే.

బెంగళూరు నుంచి వస్తూ పూలున్న ఆర్కిడ్ కుండీ ఒకటి తెచ్చుకోవడం, గృహప్రవేశానికి కానుకగా ఇవ్వడం ప్రొద్దుటూరులోనే కాదు, జమ్మలమడుగు, పులివెందులలో కూడా ఇప్పుడు కనిపిస్తోంది. వచ్చేది ఎక్కువగా ఫెలనాప్సిస్ రకం. పూలు రెండు మూడు నెలలు వాడకుండా నిలుస్తాయి. అవి రాలాక ఆకులు ముడతలు పడి, కుండీ అంచుమీద వేలాడతాయి. ఇల్లంతా దిగులు పడుతుంది.

జమ్మలమడుగులో ఒక పెద్దావిడ నన్ను అడిగిన మాట ఇది: "దినామూ పొద్దున్నే తులసమ్మకు పోసినట్టే దీనికీ నీళ్లు పోస్తాండా నాయనా. అయినా వాడిపోతానే ఉంది. ఇంకా పోయాల్నా?"

ఆమె భక్తిలో లోపం లేదు. తులసికి పనికొచ్చిన సేవే ఈ మొక్కకు ఊపిరాడకుండా చేసింది, అంతే. కుండీలోంచి మొక్కను మెల్లగా బయటికి తీస్తే సంగతి తెలుస్తుంది. బతికున్న వేరు చేతివేళ్ల మధ్య నొక్కితే గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు గోధుమరంగుకు తిరిగి మెత్తబడి ఉంటుంది. కాస్త లాగితే పైపొర ఊడి చేతికొస్తుంది, లోపల దారంలాంటి పోగు ఒక్కటే మిగులుతుంది. అలాంటి వేరు నీళ్లు తాగలేదు. చుట్టూ నీళ్లున్నా ఆకు ఎండుతుంది. చూసేవాళ్లకు అది దాహంలా కనిపిస్తుంది. ఇంకో చెంబు పోస్తారు. మిగిలిన నాలుగు వేళ్లూ కుళ్లిపోతాయి.

లేమికీ అతికీ పైకి కనిపించే లక్షణం ఒకటే కావడం నన్ను చాలా ఆలోచింపజేసిన విషయం. మాట్లాడకుండా మూల కూర్చున్న కొడుకును చూసి, మనం చెప్పింది చాలలేదనుకుని ఇంకో గంట చెబుతాం. వాడికి కావలసింది ఆ గంట మౌనమేమో. వాడిన ఆకును చూడగానే చెయ్యి చెంబు మీదికి పోకుండా ఆపుకుని, ముందు వేరును చూడటం తపస్సంత కష్టం.

అసలు ఈ మొక్క మట్టిలో పుట్టింది కాదు. ఆగ్నేయాసియా అడవుల్లో చెట్టు కొమ్మలను పట్టుకుని పెరుగుతుంది. అక్కడ కుండపోతగా వాన పడుతుంది. కానీ కొమ్మ మీద నీటిని దాచే మట్టి లేదు. వాన వెలిసిన కాసేపటికి వేరు మళ్లీ గాలిలో ఆరిపోతుంది. అందుకే దాని వేరు చుట్టూ స్పంజిలాంటి పొర ఒకటుంటుంది. ఆ పొరలోవన్నీ చచ్చిన కణాలే. ఎండి ఉంటే వెండిరంగులో మెరుస్తుంది. చినుకు తగిలితే పీల్చుకుని పచ్చబడుతుంది. పచ్చబడటం, మళ్లీ తెల్లబడటం, ఈ రెండూ కలిస్తేనే దానికి జీవితం. ఇంకో సంగతి చెప్పాలి. ఫెలనాప్సిస్ పగటి ఎండలో ఆకుల రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి తీసుకుంటుంది. మన గట్ల మీది నాగజెముడు, పెరటి కలబంద చేసే పనీ ఇదే. లోకం నిద్రపోయే వేళ మేలుకుని ఉండే సంయమి గురించి గీత రెండో అధ్యాయం చెప్పిన మాట ఈ మొక్క దగ్గర నాకు కొత్తగా అర్థమైంది. తడి అడవిలో ఉంటూ కరువుకు సిద్ధపడి బతికే ప్రాణి ఇది. గండికోట బండల మీద పెరిగే ముళ్లచెట్లను చూసిన మనకు ఇది పరాయిది కానే కాదు.

దీని బంధువు మన అడవుల్లోనే ఉంది. బదనిక అని పిలిచే వాండా ఆర్కిడ్ తూర్పు కనుమల ఎండు అడవుల్లో చెట్ల మీద కనిపిస్తుంది. సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద రాసిన గ్రంథం తొలి సంపుటంలోనే, 1795లో, దీన్ని వర్ణించాడు. ఇది చెట్టును పట్టుకుంటుంది కానీ చెట్టు రసం పీల్చదు. ఆకాశం ఇచ్చిందేదో దాంతో సరిపెట్టుకుంటుంది. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకు తన ఇరవై నలుగురు గురువులను చెబుతూ, దగ్గరికి వచ్చిన ఆహారంతో తృప్తిపడే కొండచిలువను కూడా ఒక గురువుగా లెక్కపెట్టాడు. ఆ వరుసలో ఈ మొక్కనూ కూర్చోబెట్టవచ్చని నాకు అనిపిస్తుంది.

ఇక జబ్బుపడిన మొక్కకు చేయాల్సింది. పాత నాచు, పొట్టు అంతా తీసేసి వేళ్లు కడగాలి. మంటమీద కాల్చి చల్లార్చిన కత్తెరతో కుళ్లిన వేళ్లన్నీ గట్టి భాగం వచ్చేదాకా కత్తిరించాలి. జాలిపడి సగం కుళ్లిన వేరును ఉంచితే అది మంచి వేరునూ తినేస్తుంది. కోసిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్ది, ఒక రోజు నీడలో ఆరనివ్వాలి. తర్వాత కొబ్బరి డొక్కు ముక్కలు, కట్టెబొగ్గు ముక్కలు, కాసిని పెంకులు కలిపి, అడుగునా పక్కలా రంధ్రాలున్న కుండీలో నిలపాలి. మట్టి వద్దు. తూర్పు కిటికీ దగ్గర పొద్దుటి లేత వెలుతురు చాలు. మే నెల ఎండ సోకితే ఆకు కాలిపోతుంది. కూలరు, ఏసీ గాలి నేరుగా తగలకూడదు.

నీళ్లు రోజు లెక్కన పోయొద్దు. వేళ్లు వెండిరంగుకు వచ్చాక కుండీని పది నిమిషాలు నీళ్లలో ఉంచి, తీసి, చివరి చుక్కా కారిపోయేదాకా ఆగాలి. ఆకుల నడిబొడ్డులో నీరు నిలవకూడదు. మన బోరునీటి ఉప్పు కుండీ అంచున తెల్లగా పేరుకుంటుంది కాబట్టి పట్టి ఉంచిన వాననీరు మంచిది, లేదా శుద్ధి చేసిన నీళ్లు. తీసి చూసినప్పుడు వేళ్లు కుళ్లకుండా ఎండి సన్నబడి ఉంటే అది నిజంగా దాహమే. అప్పుడు నీళ్లు ఇవ్వాల్సిందే.

శివుడు అభిషేకప్రియుడు. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో నిలబడి చూడండి. లింగం మీద పడిన ధార పానవట్టం మీదుగా బయటికి పోతుంది. అంత ప్రీతిగా పోసిన నీటినీ గర్భగుడిలో నిలవనివ్వరు.

నీళ్లు ఆపడం నిర్దయ కాదా అంటే, పులివెందుల చీనీ రైతును అడగాలి. పూత కోసం ఆయన చలికాలంలో కొన్ని వారాలు నీళ్లు ఆపి తోటను బెట్టకు గురిచేస్తాడు. ఆకు వాడు మొహం పడుతుంది. అది చూస్తూ నిబ్బరంగా ఉండటం ఆయన విద్య. సరైన రోజున ఎరువు వేసి తడి పెడితే కొమ్మ నిండా పూత వస్తుంది. నాలుగు రోజులు ఎక్కువ ఆపితే చెట్టే దెబ్బతింటుంది. కాబట్టి ఆయన రోజూ తోటకు పోతాడు, చెట్టు చెట్టునూ చూస్తాడు. నీళ్లు పోసే రోజులకన్నా ఆపిన రోజుల్లోనే ఆయన తోటలో ఎక్కువసేపు ఉంటాడు. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయం చెబుతుంది. ఆ మితం ఎంతో తేల్చేది పంచాంగం కాదు, దగ్గరుండి చూసే కన్ను.

కోలుకోవడానికి నెలలు పడుతుంది. కొన్ని మొక్కలు ఎంత చేసినా దక్కవు, దానికి మనసు కష్టపెట్టుకోవద్దు. దక్కిన మొక్క కాండం దగ్గర నిగనిగలాడే కొనతో కొత్త వేరు వేస్తుంది. అప్పటిదాకా ఎరువు వేయకూడదు. వేశాక కూడా బాగా పలచగానే.

అన్నిటికన్నా కఠినమైన పని ఒకటుంది. దీపావళి తర్వాత రాత్రులు చల్లబడగానే, ఇంకా నీరసంగా ఉన్న మొక్క కూడా పూలకాడ తీయవచ్చు. ఇంట్లో అందరూ సంబరపడతారు. కానీ రెండు వేళ్లతో బతుకుతున్న మొక్క ఆ పూలను మోయలేదు, ఉన్న సత్తువంతా వాటికే పోతుంది. ఆ ఏడాదికి కాడను తుంచాలి. పువ్వు కోసమే కొన్న మొక్క పువ్వును మన చేత్తోనే వదులుకోవడం. ఫలాన్ని వదలమని గీత చెప్పిన మాట వినడానికి బాగుంటుంది, కత్తెర పట్టుకుని నిలబడ్డప్పుడు దాని బరువు తెలుస్తుంది. తుంచిన కాడను పూజగదిలో పెట్టండి. ఆకైనా, పువ్వైనా, పండైనా, నీరైనా భక్తితో ఇస్తే అందుకుంటానన్నవాడు విచ్చుకోని మొగ్గనూ అందుకుంటాడు. వచ్చే కార్తీకానికి గట్టి వేళ్లు నాలుగైదు కనిపిస్తే అప్పుడు వేసే కాడను నిలుపుకోవచ్చు.