విభజన తరువాతి ఋణం: కృష్ణా జలాలు, సరిహద్దు, వంతు ధర్మం

ప్రస్తావన

ఉమ్మడి కుటుంబం వేరుపడినప్పుడు పొలానికి గట్టు వేయవచ్చు, ఇంటికి అడ్డుగోడ కట్టవచ్చు. బావికి మాత్రం గోడ కట్టడం సాధ్యం కాదు. ధర్మశాస్త్రం ఈ సంగతిని ఏనాడో గుర్తించింది. విభజించరాని వాటిని పేర్కొంటూ మనుస్మృతి నీటిని కూడా అందులో చేర్చింది. మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు దీనిని వివరిస్తూ, బావి వంటి జలాధారాలకు వెలకట్టి పంచుకోరాదనీ, దాయాదులు వంతులవారీగా వాడుకోవాలనీ నిర్ణయించాడు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన తన ‘విజ్ఞానేశ్వరీయము’ ద్వారా తెలుగులోకి తెచ్చినది ఈ మితాక్షర సంప్రదాయాన్నే. విభజించరాని వాటి జాబితాలో స్త్రీలను సైతం వస్తువులతో కలిపి లెక్కించిన ఆ వ్యవస్థ నేటి న్యాయదృష్టికి ఆమోదయోగ్యం కాదు. అయినా నీటి విషయంలో అది లేవనెత్తిన ప్రశ్న ఇంకా సజీవంగానే ఉంది.

ఒక రాజకీయ ఐక్యత నుండి ఒక ప్రాంతం తొలగిపోయిన తరువాత పొరుగువారి పట్ల ఇరుపక్షాలకు మిగిలే బాధ్యత ఎటువంటిది? ఐక్యతతోపాటు అది ముగిసిపోతుందా? లేక ఐక్యత ఉన్నంతకాలం కనిపించక, విభజనతో బయటపడుతుందా? 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన నాటి నుండి కృష్ణా జలాల చుట్టూ సాగుతున్న వివాదం ఆధారంగా, నంద్యాల జిల్లాలోని బండి ఆత్మకూరు ప్రాంతాన్ని కేంద్రంగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బండి ఆత్మకూరు: సరిహద్దుకు దూరం, వివాదానికి దగ్గర

నల్లమల పాదంలో ఉన్న బండి ఆత్మకూరు మండలం రాష్ట్ర సరిహద్దుపై లేదు. అయినా సరిహద్దు నిర్ణయాల ఫలితం ఆ మండలపు పంట కాలువల్లో కనిపిస్తుంది. శ్రీశైలం జలాశయం నుండి పోతిరెడ్డిపాడు తూముల ద్వారా బయలుదేరిన కృష్ణా జలం బనకచర్ల వద్ద చీలుతుంది. ఒక పాయ వెలుగోడు జలాశయం మీదుగా తెలుగుగంగ కాలువగా సాగుతుంది. మరొకటి నిప్పులవాగు మార్గాన కర్నూలు–కడప కాలువ వ్యవస్థకు తోడై, బండి ఆత్మకూరు మండలంలోని సంతజూటూరు ఆనకట్టను చేరుతుంది. సుంకేసుల నుండి వచ్చే తుంగభద్ర నీటికి శ్రీశైలం నీరు ఈ విధంగా ఆసరా అవుతుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. ఈ నేల కృష్ణా పరీవాహకంలోనిది కాదు. ఇక్కడి వాననీరు కుందూ నదిలో కలిసి పెన్నకు చేరుతుంది. అంటే ఈ ఆయకట్టు తనది కాని నదీక్షేత్రపు నీటిపై ఆధారపడి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఇది ప్రభుత్వ ఉత్తర్వులకు సంబంధించిన అంతర్గత విషయం. విభజన తరువాత అది పొరుగు రాష్ట్రం ప్రశ్నించగల విషయంగా మారింది. శ్రీశైలం ఆనకట్ట ఒక్కటే అయినా, కుడిగట్టు విద్యుత్కేంద్రం ఆంధ్రప్రదేశ్ నిర్వహణలోనూ, ఎడమగట్టు కేంద్రం తెలంగాణ నిర్వహణలోనూ ఉన్నాయి. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. 854 అడుగులకు దిగువన పోతిరెడ్డిపాడు నుండి తగినంత నీరు అందదన్నది రాయలసీమ వాదన. విద్యుదుత్పత్తి అంతకు దిగువన కూడా సాగుతుంది. ఒకరు దీపం వెలిగించుకుంటే మరొకరి మడి ఎండే స్థితి ఇది. 2021 జూలైలో ఈ కారణంగానే ప్రాజెక్టుల వద్ద ఇరు రాష్ట్రాల పోలీసులు మోహరించవలసి వచ్చింది.

మూడు న్యాయాలు, మూడు పరిమితులు

ఈ వివాదంలో వినిపించే వాదాలను మూడు న్యాయసూత్రాలుగా క్రోడీకరించవచ్చు. మొదటిది పూర్వవినియోగ న్యాయం: ముందునుండి వాడుకుంటున్న వారికి ఆ నీటిపై హక్కు ఉంటుంది. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించినప్పుడు, అమలులో ఉన్న వినియోగానికి రక్షణ కల్పించింది. 19వ శతాబ్దిలో తవ్విన కర్నూలు–కడప కాలువకు అందువల్లనే అందులో స్థానం దక్కింది. కాని పూర్వవినియోగం పూర్వపు బలానికి మారుపేరు కూడా కావచ్చు. ముందుగా కాలువ తవ్వించుకోగలిగినవారి అవకాశం, తవ్వించుకోలేనివారి మీద శాశ్వత శాసనంగా మారుతుంది. పాలమూరు ప్రజల ఆవేదనకు మూలం ఇక్కడే ఉంది.

రెండవది పరీవాహక న్యాయం: నది ఎవరి నేలపై పుష్టి పొందిందో వారికి అగ్రభాగం. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహకంలో అధికభాగం తమదేనన్న తెలంగాణ వాదానికి ఆధారం ఇదే. 2015లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటులో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టీఎంసీలుగా జరిగిన పంపకాన్ని ఆ రాష్ట్రం అన్యాయంగా భావించడానికి కారణమూ ఇదే. అయితే పరీవాహకం ప్రకృతి గీసిన గీత మాత్రమే. దానిని ధర్మంగా గ్రహిస్తే, కొండకు ఇవతల పుట్టినవాడికి దాహం ఉండరాదని చెప్పినట్లవుతుంది.

మూడవది అవసర న్యాయం. ఇది హృదయానికి దగ్గరైనది. కాని కరవు పాలమూరుకూ ఉంది, రాయలసీమకూ ఉంది. ఇద్దరు ఆర్తుల మధ్య ఆర్తి తీర్పు చెప్పలేదు. శ్రీశైలం జలాశయం కింద మునిగిన గ్రామాలు ఇటు కర్నూలు జిల్లావి, అటు మహబూబ్‌నగర్ జిల్లావి. త్యాగంలో ఇరుగట్లకూ భాగం ఉన్నప్పుడు, ఫలంలో ఒక గట్టునే అర్హమైనదిగా నిరూపించడం సాధ్యం కాదు.

ఈ మూడు సూత్రాలలో ఏదీ అసత్యం కాదు. ఏ ఒక్కటీ సంపూర్ణమూ కాదు. కనుక ఎవరికి ఎంత అన్న ప్రశ్నకు ముందు, ఏ పద్ధతిలో, ఎవరికి జవాబుదారీగా అన్న ప్రశ్న నిలుస్తుంది.

బంధుత్వపు మాట, పొరుగువారి మాట

తెలుగువారి చరిత్రలోని కొన్ని వాగ్దానాలు ఈ ప్రశ్నపై వెలుగు ప్రసరింపజేస్తాయి. దత్తమండలాలకు ‘రాయలసీమ’ అన్న పేరు 1928లో నంద్యాలలో జరిగిన సభలోనే రూపొందింది. తొమ్మిదేండ్లకు, 1937 నవంబరు 16న, మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు నివాసమైన శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య ఒడంబడిక జరిగింది. కృష్ణ, తుంగభద్ర, పెన్న జలాల వినియోగంలో రాయలసీమకూ నెల్లూరుకూ పదేండ్లపాటు ప్రాధాన్యం ఇవ్వాలన్నది అందులో ఒక అంశం. ఆంధ్ర రాష్ట్ర సాధనకు సీమ సమ్మతిని సంపాదించిన మాట ఇది. 1953లో కర్నూలు రాజధాని అయింది. మూడేండ్లకు అది హైదరాబాదుకు తరలిపోయింది. నీటి ప్రాధాన్యం మాటగానే మిగిలింది. 1956 ఫిబ్రవరి 20న తెలంగాణకు హామీలిచ్చిన పెద్దమనుషుల ఒప్పందానికీ ఇంచుమించు ఇదే గతి పట్టింది. 2014 విభజనకు బీజాలు ఆ భంగంలో ఉన్నాయన్నది చరిత్ర.

వీటికి భిన్నమైన ఉదాహరణ తెలుగుగంగ. ఆంధ్ర 1953లో మదరాసు రాష్ట్రం నుండి విడిపోయింది. మదరాసు నగరం కోసం సాగిన ఘర్షణలో కటుత్వం తక్కువేమీ కాదు. అయినా 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల చొప్పున ఆ నగరపు దాహార్తికి 15 టీఎంసీలు ఇవ్వడానికి అంగీకరించాయి. ఆవిరి నష్టం పోగా సరిహద్దు వద్ద 12 టీఎంసీలు అందించాలన్నది లెక్క. 1996లో ఆ నీరు తమిళనాడును చేరింది. విడిపోయినవారికి ఇచ్చే ఆ నీటి మార్గంలోనే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పొలాలకూ తడి దక్కింది.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. మదరాసు మహానగరం, దానికి ఢిల్లీ అండ ఉంది. బలవంతునికిచ్చిన మాట నిలవడం ధర్మానికి నిదర్శనం కాదు అనవచ్చు. పైగా 12 టీఎంసీలు పూర్తిగా చేరని సంవత్సరాలే ఎక్కువ. ఈ ఆక్షేపణలో నిజం ఉంది. అయినా ఒక భేదం చెరగదు. తెలుగుగంగ మాటకు పరిమాణం ఉంది, కొలిచే చోటు ఉంది, అడిగే పక్షం ఉంది. కనుక లోటును ఇంతని చెప్పవచ్చు. శ్రీబాగ్ మాటకు ఇవేవీ లేవు. ఎంత ఇవ్వాలో చెప్పని మాటలో ఎంత ఎగ్గొట్టారో తేల్చడం కుదరదు. ‘మనవాళ్లే కదా’ అన్న బంధుత్వభావం లెక్కను అమర్యాదగా చూసింది. ఆ మొగమాటం బలహీనుడికే నష్టం తెచ్చింది.

కాబట్టి సరిహద్దుకు ఒక నైతిక ప్రయోజనం ఉందని ఒప్పుకోవాలి. అది బాధ్యతను పుట్టించదు, రద్దూ చేయదు. ఇంటిలోపల అణగి ఉన్న బాధ్యతను కారణాలు చెప్పవలసిన స్థితికి తెస్తుంది. ఈ దృష్టిలో విడిపోవడం అపరాధం కాదు. విడిపోయాక లెక్క చెప్పకపోవడమే అపరాధం.

అతుకుమీద బతికేవారు

సరిహద్దు ఈ మేలు చేసినా దాని భారం అందరిమీదా సమంగా పడదు. ఐరోపా సమాఖ్య నుండి 2020 జనవరి 31న బ్రిటన్ వైదొలగినప్పుడు ఐర్లండు ద్వీపంలో ఈ సత్యం వెల్లడైంది. 1998 శాంతి ఒప్పందం వల్ల ఆ ద్వీపంలోని భూసరిహద్దును తెరచి ఉంచక తప్పలేదు. సరుకుల తనిఖీ మాత్రం ఎక్కడో ఒకచోట జరగాలి. చివరకు అది ఉత్తర ఐర్లండుకూ బ్రిటన్ ప్రధాన భూభాగానికీ మధ్యనున్న సముద్రం మీదికి జరిగింది. 2023లో విండ్సర్ ఒప్పందంతో దానిని సడలించవలసి వచ్చింది. విడిపోయినవి పెద్ద పక్షాలు, అతుకుమీద మిగిలింది చిన్న ప్రాంతం.

కృష్ణా తీరంలో ఆ అతుకు రాయలసీమ. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం అత్యున్నత మండలినీ, నదీ యాజమాన్య బోర్డులనూ ఏర్పరచింది. వాటిలో రాష్ట్రాలకు స్థానం ఉంది. ఆయకట్టుకు లేదు. విజయవాడ డెల్టా అవసరాన్నీ, బండి ఆత్మకూరు అవసరాన్నీ ఆంధ్రప్రదేశ్ ఒకే గొంతుతో వినిపిస్తుంది. ఆ గొంతులో ఏ స్వరం లోపించినా బోర్డుకు తెలియదు. 2016 మే 31న సిద్ధేశ్వరం వద్ద అలుగు నిర్మాణానికి రాయలసీమ రైతులు స్వయంగా శంకుస్థాపనకు పూనుకోవడం ఈ లోపానికి ప్రకటనగా గ్రహించదగినది. అది పొరుగు రాష్ట్రంపై చేసిన ఫిర్యాదు మాత్రమే కాదు, సొంత రాష్ట్రాన్ని అడిగిన లెక్క కూడా. గోదావరి జలాలను పోలవరం నుండి బనకచర్లకు తరలించాలన్న ఇటీవలి ప్రతిపాదన, దానిపై తెలంగాణ అభ్యంతరం కూడా ఇదే సందర్భంలో చూడవలసినవి. ఒక ఊరి పేరు రెండు రాష్ట్రాల వివాదానికి శీర్షికగా మారినా, ఆ పరిసరాల రైతు మాట్లాడే చోటు ఏదీ ఏర్పడలేదు.

ముగింపు

మితాక్షర సూచించిన వంతు పద్ధతి రాయలసీమ పల్లెలకు కొత్త కాదు. చెరువు కింద నీరుగంటి చేసేదీ అదే. వంతులో మూడు గుణాలు ఉన్నాయి. తన సమయం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ప్రతివాడికీ తెలుసు. నీరు పారుతున్నదీ లేనిదీ అందరి కంటికీ కనిపిస్తుంది. నీరు తగ్గిన ఏడు కొరతకూ వంతు ఉంటుంది. కాలువ చివరివాడు ఒక్కడే దానిని మోయడు. వాటాకు ఈ మూడవ గుణం లేదు. టీఎంసీల అంకె సమృద్ధి ఉన్న ఏటికి సరిపోతుంది, కరవు ఏటికి ఏమీ చెప్పదు. పదేండ్లకు పైగా ఇరు రాష్ట్రాలు వాటా కోసం వాదించాయి. కొరతను పంచుకొనే నియమం కోసం అంత పట్టుదలగా వాదించలేదు.

విభజన తరువాతి ఋణం ఇదే. విడిపోయినవారు ఒకరినొకరు ప్రేమించనవసరం లేదు. నీటిమట్టాన్ని ఇద్దరూ నమ్మే కొలతతో కొలవాలి, తూము మూసినప్పుడు కారణం చెప్పాలి, ఆ కారణం సంతజూటూరు ఆనకట్ట కింద నాట్లు వేయాలా వద్దా అని ఎదురుచూసే రైతుకు నాట్లకు ముందే చేరాలి. కల్వకుర్తి రైతుకూ అదే హక్కు ఉంది. ఈ ఇద్దరిలో ఎవరికైనా కారణం చెప్పలేని సరిహద్దు, అది ఎంత చట్టబద్ధమైనదైనా, బావికి కట్టిన గోడ అవుతుంది.