తేలికైన అంశం వద్దు తల్లీ

హిందూపురం

మనుమరాలికి,

పీహెచ్‌డీ సీటు వచ్చిందని తెలిసి ఇంటిల్లిపాదీ సంతోషించాం. త్వరగా ముగిసే అంశం ఏదైనా చెప్పమన్నావు. అలాంటిది వద్దు తల్లీ. ఇప్పుడు నీకు రానిదేదో నేర్చుకోక తప్పని అంశం తీసుకో.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారిని (1893–1979) చూడు. మన పాత అనంతపురం జిల్లా బిడ్డ, పెనుగొండ కొండ మీద గేయం రాసినవారు. 1912లో మైసూరు మహారాజా కాలేజీలో చేరి మూడున్నర దశాబ్దాలకు పైగా తెలుగు పాఠం చెప్పారు. ఆ ఉద్యోగానికి తెలుగొక్కటే చాలు. ఆయనకు చాలలేదు. ప్రాకృతం చదివి గాథాసప్తశతిని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. వేమనను కవిగా లెక్కించడానికి పండితులు వెనకాడుతున్న కాలంలో ఆయన మీద ఉపన్యాసాలిచ్చారు. ఆ ఉపన్యాసాల పుస్తకం నువ్వు తప్పక చదవాలి.

అసలు సంగతి తిరుపతిలో ఉంది. అక్కడ అన్నమాచార్యుల కీర్తనల పరిష్కరణ ఆయన చేతికొచ్చింది. రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, పాడే వరస లేదు. ఒట్టి సాహిత్య పండితుడైతే పాఠాంతరాలు సరిచూసి అచ్చుకిచ్చి ఊరుకునేవాడు. శర్మగారికి సంగీతం క్షుణ్ణంగా వచ్చు కనుక నూటికి పైగా కీర్తనలకు స్వరం కట్టారు. తెలుగు అధ్యాపకుడికి 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ప్రమోషన్ కోసం వ్యాసాలు లెక్కపెట్టుకునేవారి మధ్య తిరగబోతున్నావు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక నీ సంగతి. నీకు నేను చెప్పే అంశం ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి నాటకాలు. ఆయన బళ్లారిలో వకీలుగా ఉంటూ సరసవినోదిని సభ అనే నాటక సమాజం నడిపారు. 'విషాద సారంగధర' ఆయనదే. కన్నడంలోనూ నాటకాలు రాశారు. రెండు భాషల నాటకాలనూ పక్కపక్కన పెట్టి, వాటిలోని పాటలతో సహా చదవగల మనిషి కావాలి. మన ఊళ్లో పుట్టినదానివి, కన్నడం ధారాళంగా మాట్లాడతావు, చదవలేవు. ఆ లోటు కొన్ని నెలల్లో తీరుతుంది. మన హిందూపురం కల్లూరు అహోబలరావుగారి 'రాయలసీమ రచయితల చరిత్ర' సంపుటాలతో మొదలుపెట్టు. మీ గైడ్‌గారితో మాట్లాడి, దసరా సెలవులకు రా. కన్నడ లిపి నేనే నేర్పుతాను.

తాత