పుష్పసేవకు మూలము జలసేవ

క్షీరసాగర మథనవేళ మందరగిరి ఆధారము లేక నీట మునుగుచుండగా శ్రీమన్నారాయణుడు కూర్మరూపము దాల్చి దానిని తన వీపున ధరించెను. పైన తిరుగుచున్న గిరి అందరికిని కనబడెను. దానిని భరించిన స్వామి నీటి అడుగున నుండెను. ఆ మథనఫలముగా శ్రీమహాలక్ష్మి పద్మహస్తయై ఆవిర్భవించెను.

ఆ కూర్మావతారమూర్తి నిత్యారాధనలందుకొను క్షేత్రము శ్రీకాకుళమునకు సమీపమున గల శ్రీకూర్మము. ఇచ్చట స్వామి పశ్చిమాభిముఖుడు. ఆలయము చెంతనున్న శ్వేతపుష్కరిణి సుదర్శన చక్రముచే ఏర్పడినదనియు, అందుండియే లక్ష్మీదేవి ఆవిర్భవించి కూర్మనాయకిగా పూజలందుకొనుచున్నదనియు స్థలపురాణము తెలుపుచున్నది. కావున ఈ దివ్యదంపతులకు తామరపువ్వు నర్పించు భక్తుడు ఆ పువ్వును పోషించు నీటిని, బురదను కూడ తలచుట యుక్తము.

శ్రీమద్భాగవతమున అష్టమ స్కంధమందే, కూర్మావతార కథకు ముందు గజేంద్రమోక్షణము కలదు. గజేంద్రుడు మదించినవేళ సరస్సులో దిగి నీటిని కలచివేసెను. ఆపదలో మాత్రము ఒక్క పద్మమును తొండముతో పైకెత్తి శ్రీహరిని శరణు వేడెను. స్వామి ఆ పువ్వులోని శరణాగతిని గ్రహించెను. కొలను కలచుట అహంకారము; పువ్వెత్తుట భక్తి. నేటి భక్తునకును ఈ రెండు మార్గములు ఎదుటనే యున్నవి.

నాగావళి, వంశధార పారు ఈ సీమలో చెరువులు, బందలు పెక్కులు కలవు. చెరువు పూడినను, మురుగు చేరినను, దక్షిణ అమెరికా నుండి వచ్చిన గుర్రపుడెక్క నీటిని కప్పివేసినను తామరకు ఎండ అందదు, చోటు మిగులదు. అంగడిలో పువ్వు కొనుట సులభము. కొలను ఎండిన పిమ్మట అంగడికి మాత్రము పువ్వెక్కడిది?

గృహస్థులు ఇంటి ముంగిటనే తామరను పెంచవచ్చును. ముందుగా మొక్కను గుర్తింపవలెను. కలువ ఆకు చీలిక కలిగి నీటిపై తేలును. తామరాకు చీలిక లేక గుండ్రమై, ముదిరిన పిమ్మట నీటిని దాటి నిలుచును. తామరగింజ పెంకు మిక్కిలి గట్టిది. చైనాలో ఎండిన సరస్సు అడుగున దొరికిన సుమారు 1300 సంవత్సరముల నాటి గింజ మొలకెత్తినదని 1995లో వెలువడిన పరిశోధన తెలిపెను. జపమాలకై రంధ్రము చేసిన పూస పనికిరాదు. నిండుగింజ యొక్క మొనకు ఎదుటి కొనను గరుకురాతిపై రుద్ది, లోని తెల్లని పప్పు కనబడగానే ఆపవలెను. దానిని గోరువెచ్చని నీట నుంచి, దినదినము నీరు మార్చినచో సుమారు వారములోపల పచ్చని మొలక వచ్చును.

మూడు నాలుగు ఆకులు, వేళ్లు వచ్చిన పిమ్మట రెండడుగుల వెడల్పుగల, అడుగున రంధ్రము లేని తొట్టిలో ఆరంగుళముల చెరువు బంకమట్టి నింపి నాటవలెను. పచ్చిపేడ వేసినచో నీరు కుళ్లును. మొదట మూడు నాలుగంగుళముల నీరు చాలును. కాడలు పెరిగిన కొలది మట్టము పెంచవలెను. దినమునకు ఆరు గంటల ఎండ తప్పనిసరి. దోమలు చేరకుండ చిన్నచేపలు విడువవచ్చును. దుంప నాటదలచినవారు మాఘ ఫాల్గుణ మాసములలో, రెండు మూడు కణుపులు గల ముక్కను అడ్డముగా పరచి, మొలకకొన విరుగకుండ పైకి నిలుపవలెను. దుంపను చెరువు హక్కుదారుల అనుమతితోనే గ్రహింపవలెను. ఆలయ పుష్కరిణి నుండి పెకలించుట అపచారము.

పూచిన పువ్వులన్నియు కోయరాదు. కొన్నిటిని విడిచినచో దుద్దు కట్టి గింజలిచ్చును. వృద్ధిని గూర్చి తెలుగువారు తామరతంపర యని చెప్పుదురు. తొట్టి నిండిన తామరను గ్రామపెద్దల సమ్మతితో ఊరి చెరువునకు చేర్చి, గుర్రపుడెక్కను తొలగించుటకు పది ఇండ్లవారు కూడిన యెడల అదియును కైంకర్యమే.

భక్తితో నిచ్చిన ఆకునైనను, పువ్వునైనను, నీటినైనను గ్రహింతునని గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయమున సెలవిచ్చెను. నీటిని పరిశుద్ధముగ నుంచి, అందు పూచిన పువ్వును సమర్పించు గృహస్థుడు ఆ రెండింటిని ఒకేసారి సమర్పించినవాడగును. నీటి అడుగున నిలిచి లోకమును భరించిన శ్రీకూర్మనాథునకు ఇంతకన్న ప్రీతికరమైన పుష్పసేవ వేరేమి కలదు?