మనోవర్తియు మార్పును

వివాహబంధము తెగినపిమ్మట న్యాయస్థానము నిర్ణయించిన మనోవర్తి యెన్నటికిని మార్పరానిదని కొందఱు తలంతురు. మేమట్లు తలంపము. 1955 నాటి హిందూ వివాహచట్టము, పరిస్థితులు మాఱినపుడు భరణమును మార్చుటకుఁ గాని రద్దుచేయుటకుఁ గాని 25వ సెక్షనున న్యాయస్థానమునకు అధికార మొసఁగినది. బిడ్డల పోషణమును గూర్చి 26వ సెక్షనును అట్లే చెప్పుచున్నది.

మాఱని సంఖ్య యెంతటి యన్యాయమో నాటి క్రిమినలు ప్రొసీజరు కోడే చూపినది. 1955లో భార్యాబిడ్డల మనోవర్తికి విధించిన నెలకు 500 రూపాయల గరిష్ఠపరిమితి కేంద్రచట్టమున 2001లోఁగాని తొలగలేదు. ఆ 46 ఏండ్లును బియ్యపు ధర నిలిచియుండెనా?

మార్పు ఇరువైపులను వర్తింపవలెను. ఉద్యోగము పోయిన తండ్రి తగ్గింపు కోరుట దోషము కాదు; ఆదాయము దాఁచి కోరుట దోషము. కనుకనే 2020లో సుప్రీముకోర్టు, ఉభయులును తమ యాస్తులను, అప్పులను, ఆదాయమును ప్రమాణపత్రమున వెల్లడింపవలెనని యాదేశించినది.

అయినను చట్టము అడిగినవారికే పలుకును. బిడ్డ పైతరగతికిఁ బోయిన ప్రతిసారియు తల్లి కోర్టు మెట్లెక్కవలెనా? విడిపోయినవారు దంపతులు, బిడ్డకుఁ దండ్రి నేఁటికిని దండ్రియే. అడుగకమునుపే హెచ్చించి యిచ్చువాఁడే ఆ పేరునకుఁ దగినవాఁడని మా యభిప్రాయము.