చాటు యుద్ధంలో ధర్మం

తర్లుపాడుకు పడమట నల్లమల. కంభం, అర్ధవీడు, గిద్దలూరు, దోర్నాల ఆ అడవి అంచునే బతుకుతున్న ఊళ్లు. ఆయుధం పట్టి దాక్కున్నవాళ్లకు ఈ కొండలు ఎన్నోసార్లు చోటిచ్చాయి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడి, తర్వాత ఈ అడవినే ఆసరా చేసుకున్నాడు, గిద్దలూరు దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తలపడ్డాడు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు బయల్దేరిన నక్సలైటు నాయకులు జనం ముందుకు వచ్చింది దోర్నాల వైపు అడవిలోని చిన్న ఆరుట్లలో. చరిత్ర ఆధారంగా తయారైన కంప్యూటర్ యుద్ధాల ఆటల్లో కూడా ఇలాంటి దళాలు ఉంటాయి. చెట్ల మధ్య ఉన్నంతసేపు అవి శత్రువు కంటికి ఆనవు, దెబ్బ వేయగానే బయటపడతాయి. ఆడేవాడికి అది బలాబలాల లెక్క మాత్రమే. మనకు అలా కాదు. పొంచి కొట్టడం ధర్మమా అన్న ప్రశ్నతో రామాయణ భారతాలు రెండూ పెనుగులాడాయి. నా ఉద్దేశంలో అవి ఇచ్చిన జవాబు మనం సాధారణంగా అనుకునేది కాదు.

వాలి వధనే తీసుకుందాం. రాముడు దేవుడే అయినా వాల్మీకి ఆ ఘట్టాన్ని తేలిగ్గా దాటవేయలేదు. బాణం తగిలి పడిపోయిన వాలి చేత ఒక సర్గ పొడవునా నిలదీయించాడు. నేను వేరొకరితో పోరాడుతుంటే, నీకు ఏ అపకారమూ చేయని నన్ను, కనబడకుండా ఎందుకు కొట్టావని వాలి అడుగుతాడు. రాముడి సమాధానంలో రెండు వాదాలున్నాయి. తమ్ముడు బతికుండగానే అతని భార్యను చేపట్టావు కాబట్టి ఇది రాజు వేసిన శిక్ష అన్నది ఒకటి. నువ్వు వానరుడివి, రాజులు మృగాలను చాటు నుంచి వేటాడటం ఉన్నదే అన్నది రెండోది. ఈ రెండూ ఒకచోట ఇమడవు. మృగమైతే భార్య విషయంలో ధర్మం తప్పిందని శిక్షించడానికి లేదు, ధర్మానికి కట్టుబడవలసినవాడైతే మృగంలా వేటాడటానికి లేదు. భక్తులు కూడా శతాబ్దాలుగా ఇక్కడ తడబడుతూనే ఉన్నారు. అయితే వాదాల సంగతి పక్కన పెట్టి రాముడు చేసిన పని చూడండి. బాణం వేసి చెట్టు వెనకనుంచే వెళ్లిపోలేదు. పడినవాడి దగ్గరికి వచ్చాడు, అతని నోటి నుంచి నిందలన్నీ విన్నాడు, జవాబు చెప్పాడు. ఆ ఘట్టంలో నాకు ధర్మం కనిపించేది అక్కడే.

గిద్దలూరు నుంచి నల్లమల దాటితే అహోబిలం. అక్కడి స్వామి కథ కూడా ఒక పొంచి ఉండటమే. హిరణ్యకశిపుడి సభలోనే, అతని కళ్లెదుటి స్తంభంలోనే దాగి, పగలూ రాత్రీ కాని వేళ కోసం కాచుకున్న దేవుడు. అయినా కొట్టేముందు స్తంభం పగిలింది, నిండు సభలో ఎదురుగా నిలబడ్డాడు. దీనికి పూర్తిగా అవతలి కొసన అశ్వత్థామ ఉన్నాడు. మర్రిచెట్టు కింద పడుకుని, నిద్రపోతున్న కాకులను గుడ్లగూబ చంపడం చూసి అతను దారి నేర్చుకున్నాడు. నిద్రలో ఉన్నవాళ్లను, ఆయుధం దించినవాళ్లను చంపకూడదని మేనమామ కృపుడు ఎంత చెప్పినా వినలేదు. ఆ రాత్రి ధృష్టద్యుమ్నుడు, ద్రౌపది కొడుకులు ఐదుగురు పోయారు. అయినా కృష్ణుడి శాపం వెంటనే పడలేదు. ఉత్తర కడుపులోని పిండం మీదికి అస్త్రం మళ్లించాకే పడింది. మూడు వేల ఏళ్లు ఎవరి తోడూ లేకుండా అడవులు పట్టి తిరగమన్నది ఆ శాపం. యుద్ధంలో ఏ పాత్రా లేని ప్రాణి మీదికి దెబ్బ మళ్లడాన్ని భారతం అన్నిటికన్నా పెద్ద నేరంగా చూసింది.

శాస్త్రకారులు ఈ విషయంలో ఒక మాట మీద లేరు. మనుస్మృతి దాచిన ఆయుధాలతో కొట్టవద్దంటుంది, నిద్రపోయేవాణ్ని, ఆయుధం లేనివాణ్ని చంపవద్దంటుంది. కౌటిల్యుడు చోటూ వేళా చెప్పి చేసే బహిరంగ యుద్ధమే ఎక్కువ ధర్మమని ఒప్పుకుంటూనే, బలం చాలనివాడికి కూటయుద్ధం నేర్పాడు. బలహీనుడికి అడవి తప్ప కోట ఏదని అడిగేవాళ్ల పక్షాన కౌటిల్యుడున్నాడు, నేనూ ఉన్నాను. ఫిరంగులున్న కంపెనీ ముందు మైదానంలో నిలబడమని నరసింహారెడ్డికి చెప్పడం ధర్మబోధ అనిపించుకోదు, చచ్చిపొమ్మని చెప్పడమే. కానీ బలహీనత ఇచ్చే అనుమతికి ఒక హద్దుంది. ఆయుధమున్న శత్రువు కంటపడకుండా ఉండటం వరకే అది చెల్లుతుంది. నిరాయుధుణ్ని అడ్డం పెట్టుకుని దాక్కోవడానికి చెల్లదు. 1977లో జెనీవా ఒప్పందాలకు చేర్చిన మొదటి అదనపు ఒడంబడిక కూడా దాదాపు ఇక్కడికే వచ్చింది. మాటు వేయవచ్చు, రంగు పూసుకుని చెట్లలో కలిసిపోవచ్చు. మామూలు పౌరుడిలా నటిస్తూ నమ్మించి చంపకూడదు, కలబడేటప్పుడు ఆయుధం బాహాటంగా పట్టుకోవాలి. మన దేశం ఆ ఒడంబడికలో చేరలేదు. అయినా ఆ వివేకం మనకు పరాయిదేమీ కాదు.

అల్లూరి సీతారామరాజు మన్యంలో నడిపిన పోరాటంలో ఈ హద్దు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లాడు. పట్టుకెళ్లిన ఆయుధాల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో మాటు వేసినప్పుడు ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను దాటిపోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కొట్టారు. పొద చాటున ఉన్నవాడు కూడా ఎవరిని కొట్టాలో, ఎవరిని వదలాలో ఎంచుకోగలడని ఆ రోజు రుజువైంది. చేసిన పని కింద పేరు రాసినవాడు తీర్పుకు సిద్ధపడినవాడు. కంటికి కనబడకపోవడం, జవాబుదారీ నుంచి తప్పించుకోవడం ఒకటే అనుకునేవాళ్లకు ఆ సంతకం చాలు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఒకటుంది, నన్ను నిజంగా కలవరపెట్టేది అదే. దళం ఎంత నియమంగా ఉన్నా, అన్నం పెట్టిన గూడెం మీద దెబ్బ పడుతుంది. నరసింహారెడ్డి చిక్కకపోతే కంపెనీ అతని కుటుంబాన్ని కడపలో నిర్బంధించిందని చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. మన్యంలో పోలీసు బలగాల బరువు గిరిజన పల్లెలు మోశాయి. నల్లమలలో చెంచులు అటు దళాలకూ ఇటు పోలీసులకూ మధ్య నలిగారు, ఎవరికి దారి చూపినా రెండోవారికి ద్రోహులయ్యారు. ఊరిని హింసించిన పాపం హింసించినవాడిదే, దాక్కున్నవాడికి ఏం సంబంధమని కొందరంటారు. హింసించినవాడి పాపంలో వీసమెత్తు తగ్గించడానికి నేనూ ఒప్పుకోను. కానీ ఒకరి పాపం నిండుగా ఉన్నంత మాత్రాన రెండోవారి బాధ్యత సున్నా కాదు. జరగబోయేది ముందే తెలిసి ఆ గుమ్మం తట్టినవాడికి దాని ఫలంలో భాగం ఉంటుంది. కర్మ సిద్ధాంతంలో నాకు అర్థమైనంత వరకు ఇది కాదనలేని మాట. ఊరు ఇష్టపడే అన్నం పెట్టిందనే సమాధానమూ సగమే నిజం. పెట్టిన ఇల్లు ఇష్టపడి ఉండవచ్చు. శిక్ష పడింది పక్కింటికి కూడా. తుపాకీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాడికి అన్నం లేదనగల స్వేచ్ఛ ఆ ఇంటికి ఉందా అన్నది కూడా అడగాల్సిందే.

అలాగైతే పోరాటమే వద్దన్నట్టు కాదా అని అడగవచ్చు. కాదు. ఆశ్రయం అప్పులాంటిది, తీర్చవలసినవాడు తీసుకున్నవాడే. ఈ సంగతి మన జనానికి బాగా తెలుసు. సీతారామరాజు 1924 మే 7న మంప దగ్గర దొరికాడు, కొయ్యూరులో అతన్ని కాల్చి చంపారు. అతన్ని పట్టుకున్నామని ప్రభుత్వం చెప్పుకుంది. పల్లెల మీద సాగుతున్న హింస ఆపడానికి తనంతట తానే బయటికొచ్చాడని జనం నమ్మారు, ఇప్పటికీ అలాగే చెప్పుకుంటారు. ఆ రోజు జరిగింది ఏదైనా, జనం ఆ కథను అలా నిలుపుకోవడంలో ఒక తీర్పుంది. చెట్టు చాటున ఎన్నాళ్లున్నాడని వాళ్లు లెక్క కట్టలేదు. తన మూలంగా ఊళ్లు కాలుతున్నప్పుడు ఏం చేశాడనే చూశారు. కంపెనీ మాత్రం తన తీర్పును ఇంకోలా చూపించింది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీసి, అతని తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీసింది. అడవిలో నెలల తరబడి చేతికి చిక్కనివాణ్ని ముప్పై ఏళ్లు జనం కళ్ల ముందు ఉంచితే ఇకపై ఎవరికీ ఆశ్రయం దొరకదని వాళ్లు లెక్క వేసుకున్నారు. ఆ తల కింద నుంచి రోజూ నడిచిన ఆ ప్రాంతపు జనమే అతని మీద పాటలు కట్టుకున్నారు.