పన్నెండో శిష్యుడు

పరమానందయ్య శిష్యుల కథ తెలియని ఇల్లు మనలో ఉండదు. వాగు దాటి ఒడ్డెక్కాక అందరం ఉన్నామా లేదా అని లెక్కపెట్టుకుంటారు. లెక్కపెట్టేవాడల్లా తనను తాను వదిలేస్తాడు. పన్నెండుగురు కాస్తా పదకొండయ్యేసరికి, ఒకణ్ణి వాగు మింగేసిందని గొల్లుమంటారు. చిన్నప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఇప్పుడదే కథ మా ఇంట్లో పడమటి గదిలో రోజూ పదింటికి జరుగుతుంటే నవ్వాలో వద్దో తెలియడం లేదు.

మావాడిది హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం. 2020లో కరోనా పుణ్యమా అని కంప్యూటరు చంకన పెట్టుకుని పానగల్ వచ్చేశాడు. ఇప్పటికీ వారంలో సగం రోజులు ఇక్కడే. ఆ గదికీ వంటింటికీ మధ్య ఒక్కటే తలుపు. కళ్ళకైతే రెప్పలున్నాయి గాని చెవులకు లేవు కదా! ఒకరోజు గంటసేపు మీటింగు. దేనికయ్యా అంటే, మీటింగులు మరీ ఎక్కువైపోతున్నాయి, తగ్గించడం ఎలా అని. చివరికేం తేల్చారనుకున్నారు? ఆ సంగతి చూసుకోవడానికి వారం వారం ఇంకో మీటింగు!

1987లో వచ్చిన జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు కోడిని ఎదురుగా వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ ఉత్త అన్నం తింటాడు చూడండి, మావాడి ప్రమోషనూ అంతే. మూడేళ్ళుగా వేలాడుతోంది. వీడు దాన్ని చూస్తూనే తింటున్నాడు.

ఇది ఆ ఒక్క కంపెనీ జబ్బు అనుకునేరు. 1955లోనే పార్కిన్సన్ అనే ఇంగ్లీషాయన లెక్క తీశాడు. 1914లో బ్రిటిష్ నౌకాదళానికి పెద్ద యుద్ధనౌకలు 62 ఉంటే, 1928 నాటికి 20 మిగిలాయి. ఒడ్డున ఆఫీసులో కూర్చునే అధికార్లు మాత్రం 2,000 నుంచి 3,569 అయ్యారు. పంక్తిలో విస్తళ్ళు తగ్గి, వడ్డించేవాళ్ళు రెట్టింపయినట్టు!

ఇంతవరకూ హాస్యమే. మొన్న ఆషాఢంలో ఒక పొద్దున వాళ్ళ మీటింగులో ఒక గడి ఖాళీ. నేను కాఫీ తెచ్చినప్పుడల్లా ఆ తెర మీంచే “నమస్తే ఆంటీ” అనే పిల్ల లేదు. ఏదో సర్దుబాటు అన్నారట, తరవాతి విషయంలోకి వెళ్ళిపోయారు.

“ఎవర్రా తీసేసింది?”

“ఎవరూ కాదమ్మా, పైనుంచి.”

“పైన ఎవరు?”

“వాళ్ళకూ పైనుంచే.”

మా ఊళ్ళో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, కందూరు చోళుల నాటిది. గర్భగుడిలో పొద్దస్తమానం ఒక స్తంభం నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. ఏ స్తంభానిదా అని వెతికితే ఫలానాదని వేలు పెట్టి చూపలేం. నాలుగు వైపుల నుంచీ వచ్చే వెలుగు స్తంభాల సందుల్లోంచి దూరడంవల్ల అలా అవుతుందంటారు. అక్కడ కట్టినవాడికి లెక్క తెలుసు, దణ్ణం పెడతాం. మావాడి ఆఫీసులో నీడ ఒక్కటే ఉంది, అదే ఉద్యోగాలు తీస్తోంది.

అయినా శిష్యులే నయమనిపించింది నాకు. అక్కడ తప్పిపోయినవాడు లేకపోయినా అందరూ ఏడ్చారు. ఇక్కడ నిజంగా ఒకరు తప్పిపోతే ఏడ్చినవాళ్ళు లేరు.

మావాడు చెడ్డవాడేం కాదు. ఆ రాత్రి స్నేహితులంతా కంపెనీ మీద జోకులు పంపుకుని తెగ నవ్వుకున్నారు. ఆ నవ్వు లేకపోతే వాళ్ళు బతకలేరు, ఒప్పుకుంటాను. ఇన్ని కాపురాలు నడిచాయంటే అత్తగార్ల మీద మనం వెనకాల నవ్వుకోబట్టే కదా! కానీ ఆ తీసేయడంలో తన మౌనం పాలెంతో వాడు లెక్కేసుకున్నాడా? ఎదిరిస్తే వీడి గడీ ఖాళీ అవుతుంది, ఇంటి అప్పు వాయిదాలున్నాయి. ఎదిరించమని ఏ తల్లి చెబుతుంది? నేనూ చెప్పలేదు.

“ఆ పిల్లకు ఫోను చేశావా?” అన్నాను.

“చేసి ఏం చెప్పనమ్మా?”

“ఏం చెప్పకు. అన్నం తిన్నావా అని అడుగు.”

కాసేపు గోడకేసి చూశాడు. తరవాత ఫోను పట్టుకుని డాబా మీదికెళ్ళాడు. అరగంటయినా దిగలేదు. చారు రెండోసారి వెచ్చబెట్టాను.