గంట కొడితే ఆగే దెబ్బ

కిందటి వేసవిలో ఆమదాలవలసలో మా అప్ప ఇంట్లో ఒక కాగితం మీద నాలుగు రోజులు గొడవ జరిగింది. అది బాక్సింగ్ శిక్షణలో చేరడానికి నింపాల్సిన దరఖాస్తు. పదో తరగతి పరీక్షలు రాసిన మా అప్ప కూతురు తెచ్చుకుంది. కింద తండ్రిగాని, సంరక్షకులుగాని సంతకం పెట్టాలి. తండ్రి ఉన్నాడు, కానీ ఏడేళ్ళుగా ఆ ఇంట్లో లేడు. కాబట్టి సంతకం పెట్టాల్సింది అప్పే.

"నువ్వు సదువుకున్నదానివి, ఆడోల కోసం రాస్తావు. నువ్వే సెప్పు దానికి. ముకం మీద దెబ్బలు పడితే రేపు దాన్నెవుడు సేసుకుంతాడు?" అంది అప్ప.

నేను కూడా వద్దనే చెబుదామనుకున్నాను. పెళ్ళి కోసం కాదు. స్త్రీలు రాసిన కథల్లో గృహహింస మీద ఐదేళ్ళు పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నదాన్ని. ఒక మనిషిని మరో మనిషి కొట్టడం తప్పని తరగతి గదిలోనూ, సభల్లోనూ చెబుతూ వచ్చినదాన్ని. ఇప్పుడు మా ఇంటి పిల్లే కొట్టడం నేర్చుకుంటానంటే ఏమనాలి? మగవాళ్ళు చేస్తే హింస, మనం చేస్తే సాధికారత అనేద్దామా? అలా అనడానికి నాకు నోరు రాలేదు.

పిల్ల తన ఫోన్‌లో ఒక పోటీ చూపించింది. బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగే స్ట్రాంజా టోర్నమెంట్. 1950లో మొదలైంది. ఇప్పుడు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కూడా పోటీలు పెడుతున్నారు. అక్కడ 2019లోనూ, మళ్ళీ 2022లోనూ బంగారు పతకం గెలిచింది మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. 2022 సెమీఫైనల్లో ఆమె ఓడించిన టర్కీ క్రీడాకారిణి, అంతకు ముందు ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చుకున్న మనిషి. పిల్ల కళ్ళార్పకుండా చూస్తోంది. నేను మాత్రం పంచ్ పడ్డప్పుడల్లా తల పక్కకి తిప్పుకుంటున్నాను.

"నొప్పెట్టదా?" అన్నాను.

"పెడతాది పిన్నీ. కానీ గంట కొడితే ఆపేస్తారు కదా."

ఆ మాట దాని నోట మామూలుగానే వచ్చింది. కానీ వంటింటి గుమ్మంలో నిలబడ్డ అప్ప లోపలికి వెళ్ళిపోయింది. ఏడేళ్ళ కిందట ఒకసారి అప్ప వాచిన కన్నుతో మా ఇంటికొచ్చి, చీకట్లో తలుపు తగిలిందని చెప్పింది. పక్కనే ఎనిమిదేళ్ళ పిల్ల నిలబడి వింది. ఆ దెబ్బకి గంట లేదు. అది ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో కొట్టేవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

అప్పటి నుంచి నేను ఈ రెండు దెబ్బల గురించే ఆలోచిస్తున్నాను. దెబ్బ దెబ్బే, నెత్తురు నెత్తురే. మరి తేడా ఎక్కడుంది?

రింగులో ఇద్దరి బరువూ తూచి జోడీ కడతారు. చేతులకి గ్లోవ్స్ ఉంటాయి. నడుము కింద కొట్టకూడదు, తల వెనక కొట్టకూడదు, పడిపోయినవాళ్ళని అసలే కొట్టకూడదు. గట్టి దెబ్బ తగిలితే రెఫరీ మధ్యలోకొచ్చి ఎనిమిది దాకా లెక్కపెట్టి, కళ్ళలోకి చూసి, నిలబడగలదా లేదా అని తేల్చుకుంటాడు. ఇల్లు సురక్షితం, రింగు ప్రమాదం అని కదా మనకి నేర్పింది! కానీ ఈ నియమాల్లో ఒక్కటైనా మా అప్ప కాపురంలో ఉందా? గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. అంటే స్వాతంత్ర్యం వచ్చిన దాదాపు అరవై ఏళ్ళకి ఇంట్లోకి ఒక రెఫరీని పంపించాం. ఆ రెఫరీ కూడా ఎవరైనా వెళ్ళి పిలిస్తేనే వస్తాడు.

అయితే రింగులో ఇద్దరూ ఇష్టపడి దిగారు కాబట్టి అంతా న్యాయమే అనేస్తే సరిపోదు. "ఇష్టపడే కదా ఉంటోంది, లేకపోతే వెళ్ళిపోదా" అని దెబ్బలు తినే భార్యల గురించీ అంటూనే ఉంటారు. ఒప్పుకోవడం ఒక్కటే కొలబద్ద కాదు. ఒప్పుకున్నదాన్ని వెనక్కి తీసుకోగలగడం అసలు కొలబద్ద అని నాకనిపిస్తోంది. రింగులో చాలు అనుకున్న మనిషి మూడో రౌండుకి లేవకుండా కూర్చోవచ్చు. కోచ్ తువ్వాలు విసిరేయొచ్చు. ఓడిపోతుంది, అంతే. ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి, పిల్లకి ఏం పెట్టాలి అన్న ప్రశ్న ఆమె ముందుండదు.

ఇక్కడ కూడా నన్ను నేను నమ్మించుకోలేకపోతున్నాను. హాస్టల్లో తిండి, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, ఇంటి అప్పు తీరే దారి, ఇవన్నీ ఒక పేద పిల్ల పిడికిలి మీదే ఆధారపడితే, తలకి తగిలిన దెబ్బని దాచుకుని మళ్ళీ బరిలోకి దిగదా? తలకి పదే పదే తగిలే దెబ్బలు మెదడుని పాడుచేస్తాయని వైద్యులు చెబుతూనే ఉన్నారు. బయటికి దారి లేని రింగు కూడా ఇల్లులాగే మారిపోతుంది.

మా ఊరికి ఆడవాళ్ళ బలం కొత్త కాదు. ఆమదాలవలస పక్క ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో, 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. మగవాళ్ళకి 1896లో మొదటి ఒలింపిక్స్ నుంచే ఉన్న వెయిట్ లిఫ్టింగ్ ఆడవాళ్ళకి దక్కింది ఆ ఏడాదే. అప్పుడు నేను బడిపిల్లని. ఊరంతా పొంగిపోవడం గుర్తుంది. అప్ప కూడా ఆ రోజు మల్లీశ్వరి మా ఊరిదేనని అందరికీ చెప్పుకుంది.

మరి అదే అప్ప, అదే ఊరు బాక్సింగ్ అంటే ఎందుకు జంకుతాయి? బరువెత్తడం ఆడదాని అలవాటైన పనేనని లోపల ఎక్కడో ఒప్పుకున్నామేమో. వరి మోపులూ, నీళ్ళ బిందెలూ, కట్టెల మోపులూ మోసే నెత్తి మీద ఇంకొంచెం బరువు. ఆ బలం ఎవరి మీదకీ రాదు. పిడికిలి అలా కాదు. అది ఎదుటి మనిషి వైపు తిరుగుతుంది. మోసే బలానికి దండ వేస్తాం, ఎదురు నిలిచే బలానికి భయపడతాం.

ఆ భయం అంతర్జాతీయ సంఘాల్లోనూ ఉంది. ఒలింపిక్స్‌లో బాక్సింగ్ 1904 నుంచి ఉంటే, ఆడవాళ్ళ పోటీలు 2012 దాకా, అంటే 108 ఏళ్ళ దాకా రాలేదు. వచ్చినప్పుడు కూడా మగవాళ్ళకి పది విభాగాలు, ఆడవాళ్ళకి మూడు. చూసేవాళ్ళకి తేడా తెలియడానికి ఆడవాళ్ళు స్కర్టులు వేసుకోవాలన్న చర్చ కూడా నడిచింది. నిరసనలొచ్చాక దాన్ని ఇష్టానికి వదిలేశారు. 2024 పారిస్ నాటికి మగవాళ్ళకి ఏడు, ఆడవాళ్ళకి ఆరు విభాగాలయ్యాయి. కానీ అక్కడ మగవాళ్ళు తలకి రక్షణ లేకుండా ఆడారు, ఆడవాళ్ళు హెడ్‌గార్డ్ పెట్టుకుని ఆడారు. హెడ్‌గార్డ్ మంచిదో కాదో వైద్యులు తేల్చాలి. నేనడిగేది వేరు. మంచిదైతే మగవాడి తలకి ఎందుకు లేదు? కాకపోతే ఆడదాని తలకి ఎందుకుంది? సమానత్వం అంటే మగవాళ్ళకున్న ప్రమాదమంతా మనకీ కావాలని అడగడమా, లేక మనకిచ్చిన జాగ్రత్త వాళ్ళకీ ఇవ్వమని అడగడమా? నేను రెండోదే అడుగుతాను.

ఇక ముఖం సంగతి. నిఖత్ చిన్నప్పుడు దెబ్బలతో ఇంటికొస్తే, ఈ పిల్లని ఎవరు చేసుకుంటారని వాళ్ళమ్మ కూడా కన్నీళ్ళు పెట్టుకున్నారట. ఆ పిల్లే 2009లో మా విశాఖ శాయ్ కేంద్రంలో శిక్షణ తీసుకుంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. గెలిచింది కాబట్టి ఆ తల్లి భయం తప్పని నేననను. గెలవని పిల్లలు వేలమంది ఉంటారు, వాళ్ళ ముఖాలూ ముఖాలే. కానీ ఆడపిల్ల ముఖం రేపు రాబోయే మొగుడి ఆస్తి, దాన్ని చెడకుండా అప్పగించాలన్న లెక్క మాత్రం తప్పు. ఆ అప్పగింత తర్వాత మా అప్ప ముఖానికేమైందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

నాలుగో రోజు రాత్రి అప్పకి ఇదంతా చెప్పలేదు. ఒక్క మాటే చెప్పాను. "దానికి కన్ను వాస్తే తలుపు తగిలిందని చెప్పుకోవక్కర్లేదప్పా. ఎలా తగిలిందో నలుగురిలో చెప్పుకోగలదు."

అప్ప చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పిల్లని పిలిచి రెండు షరతులు పెట్టింది. తలకి దెబ్బ తగిలితే దాచకూడదు. వద్దనిపించిన రోజున మానేసి ఇంటికొచ్చేయాలి, ఎవరూ ఏమీ అనరు. నేను పేజీలకొద్దీ ఆలోచించి పట్టుకున్నానుకున్న కొలబద్ద అప్పకి ముందే తెలుసు. నాకంటే ఎక్కువ ఖరీదు పెట్టి నేర్చుకుంది.

సంతకం పెట్టేముందు పిల్లని అడిగింది, ఎంతసేపటికి గంట కొడతారని.

"మా వయసోలకి రెండు నిమిషాలమ్మా."

"రెండు నిమిషాలేనా," అంది అప్ప, పెన్ను తీసుకుంటూ.

బాక్సింగ్ మంచిదేనా అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఇప్పటికీ పంచ్ పడితే తల తిప్పుకుంటాను. కానీ ఆ రెండు నిమిషాల లెక్క వినగానే అప్ప ముఖంలో భయానికి బదులు ఆశ్చర్యం కనిపించింది. అది నాకు గుర్తుండిపోయింది.